ముప్పావంగుళం

చైనుపుల్లీకి ఇంజను వేలాడతాంది.
కారు కడుపులో గేరుబాక్సు, జాకీ మీద, సగం నా రొమ్ము మీద.
రెండిటి మధ్యన ముప్పావంగుళం సందు.
మూడు దినాలుగా అదే సందు.

తాడిపత్రిలో పొద్దున్నే బండల మిషన్లు మొదలైతే
పాలిష్ దుమ్ము వచ్చి పానాల మీద కూచుంటది.
తుడుస్తా. మళ్లీ కూచుంటది.
చౌడప్ప కూడా అంతే. పూటకోసారి వచ్చి స్టూలు మీద కూచుంటాడు.
ఇంజను బళ్లారి గుజరీలో కొన్యాడు,
గేరుబాక్సు పాతదే, కారుతో పుట్టింది.
"రెండూ ఒకే కంపెనీవే కదన్నా, ఏల కూడవు?"
ఇంటిపేరు ఒకటైతే
కొలతలు ఒకటైతాయా అప్పా?

తొలినాడు క్లచ్ ప్లేటు మీద అనుమానం.
వేపకర్ర చెక్కి దూర్చి
ప్లేటును నడిమికి తెచ్చి, ఆరు బోల్టులూ బిగించినా.
పళ్లల్లో పళ్లు పడినాయి, చేతికి తెలిసింది.
అయినా ముప్పావంగుళం.
(తప్పు కర్రది. మెత్తనిది కదా,
ఏ బొక్కలోకైనా సన్నబడి దూరి
అంతా బాగుందని చెప్పింది.)

రెండోనాడు డోవెల్ పిన్నుల తుప్పు గీకినాము.
ఫ్లైవీలును నాపరాతి పలక మీద బోర్లించి
వంకర ఉందేమోనని చూసినాము.
లేదు.
నబీ రసూలు పొడుగు బోల్టులు తెచ్చినాడు,
"నాలుగు దిక్కులా బిగించి లాగేద్దామా మామా?"

ఆ పని నేను ఇరవై రెండేండ్లప్పుడు చేసినా.
టంగుమని అల్యూమినియం చెవి తెగి చేతిలో పడింది.
పానాల పెట్టె అడుగున ఇంకా ఉండాది,
తీసి వాని అరచేతిలో పెట్టినా.
వాడు బోల్టులు మళ్లీ డబ్బాలో పోసినాడు.

మూడోనాడు బట్టల నీలం గ్రీజులో కలిపి
షాఫ్టు మొనకు పూసి
మెల్లగా ఆనిచ్చి, వెనక్కి తీసినాము.
క్రాంకు నడిమిట్ల చిన్న ఇత్తడి బుష్షు,
దాని మూతి చుట్టూ నీలం గుండ్రంగా.
వెర్నియర్ తీసినా, తొలినాడే తీయాల్సింది.
షాఫ్టు మొన పదహైదు, బుష్షు బొక్క పన్నెండు.
మూడు మిల్లీమీటర్ల కోసం
మూడు దినాలు కారు కింద పడుకున్యా.

బుష్షు లాగే పుల్లరు గుంతకల్లు కాసీం దగ్గరుంది,
వాడు ఫోనెత్తడు.
అప్పుడే మాబున్ని క్యారేజీ తెచ్చింది,
రాగిసంగటి, గోంగూర ఊరుబిండి.
నేను సంగటి గిల్లి బుష్షు బొక్కలో కూరుతాంటే
నిలబడి చూసింది.
"తినే ముద్దను సుత్తితో కొడతావా?"
ముద్దను కళ్లకద్దుకొని
పన్నెండు మిల్లీమీటర్ల కడ్డీ పెట్టి కొట్టినా.
ఇంకొంచెం కూరి, ఇంకో దెబ్బ.
పోను దావ లేక సంగటి
బుష్షు వెనక చేరి, దాన్నే ముందుకు నూకింది.
ఏడో దెబ్బకు పాలపన్ను ఊడినట్ల
ఊడి వచ్చింది ఇత్తడి ముక్క.
నబీ నవ్వుతానే ఉండాడు.
మాబున్ని నవ్వలేదు, ఉత్త గిన్నె తీసుకొని పోయింది.

లేత్ కంబగిరాచారి కొత్తది తిప్పిచ్చినాడు,
బయట పాత కొలత,
లోపల పదహైదు, ఇంకో వెంట్రుకవాసి.
లెక్క అడిగితే "రాసుకుంటాలే" అన్యాడు.

చీకటి పడినాక మళ్లీ ఎత్తినాము.
తోయలేదు. బోల్టు పెట్టలేదు.
నబీ క్రాంకును వేలెడంత తిప్పినాడు.
పోయింది.
బిందె మీద మూత పడిన సద్దు.
సందులో గోరు పెట్టి చూసినా, దూరలేదు.
ఇంకోచోట పెట్టి చూసినా.
ఊరికే.

చౌడప్ప సీట్లో కూచోని గేర్లు వేస్తాండాడు.
ఒకటి పడింది. మూడు పడింది.
"అన్నా, రెండో గేరులో రాడ్డు సీటుకు తగులుతాంది కదా!"
ఈ ఇంజను రెండు వేళ్లు పొడుగు,
గేరుబాక్సు వెనక్కి జరిగింది.
సీటు కోయాలో, రాడ్డు వంచాలో, పొద్దున చూద్దాం.
అందాక మోకాలు పక్కకు జరుపుకో అప్పా.

మాబున్ని మళ్లీ ముద్ద కట్టి పంపింది.
ఈసారి రెండు, ఒకటి నాకు,
ఒకటి, "మీ ఇంజనుకంట" అని నబీ చెప్పినాడు.
చేతులకు ఇంకా నీలం పోలేదు.